ఆవకాయ సీసా, నిమ్మ ఊట షాట్: డాలస్‌లో మైనారిటీ బ్రాండుగా స్టోర్లోకి, క్రికెట్ స్టేడియంలోకి వెళ్లే దారి ఏది?

పచ్చడి_ప్లానో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా వదిన ప్లానోలో టెక్సాస్ కాటేజ్ ఫుడ్ చట్టం కింద ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతోంది. ఆవకాయ, గోంగూర, అల్లం, నిమ్మకాయ పచ్చళ్లు. కంది, కరివేపాకు, నువ్వుల పొడులు. ఇప్పుడు కంపెనీ పెట్టి పెద్దగా చేద్దామనుకుంటున్నారు. అడగాల్సినవి మూడు.

1. పచ్చడిని మామూలు అమెరికన్ సూపర్‌మార్కెట్లలో పెట్టాలి. 10 ఔన్సుల సీసా 9.99 డాలర్లు అనుకుంటున్నాం. వంటగది మారిస్తే చాలా, ఇంకేమైనా అనుమతులు కావాలా?
2. "మైనారిటీ ఓన్డ్" సర్టిఫికెట్ తీసుకుంటే స్టోర్లు తొందరగా తీసుకుంటాయంటున్నారు. ఎంతవరకు నిజం? అన్నయ్య సిటిజన్, వదినకు గ్రీన్ కార్డు, నేను హెచ్-1బి. ముగ్గురం భాగస్వాములం కావాలని ఆలోచన.
3. క్రికెట్ ఆడేవాళ్ల కోసం నిమ్మకాయ ఊట షాట్, 60 మిల్లీలీటర్ల బుడ్డీ. దాంతోపాటు గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లప్పుడు ఒక స్టాల్.

చేతిలో 40 వేల డాలర్లున్నాయి. చికెన్ పచ్చడి కూడా చాలామంది అడుగుతున్నారు. దేంతో మొదలుపెట్టాలి, ఎక్కడ దెబ్బతింటారు, తెలిసినవాళ్లు చెప్పండి.

---

పీహెచ్_మీటర్

సర్టిఫికెట్ సంగతి తర్వాత. ముందు మీ సరుకు చట్టం దృష్టిలో ఏమిటో తేల్చుకోండి, ఎందుకంటే మీ నాలుగు పచ్చళ్లూ ఒకే గాటన కట్టేవి కావు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమం 21 సీఎఫ్‌ఆర్ 114 ప్రకారం పులుపు లేని పదార్థానికి పులుపు చేర్చి, చివరి పీహెచ్‌ను 4.6కు గానీ అంతకన్నా కిందికి గానీ తెస్తే, వాటర్ యాక్టివిటీ (సూక్ష్మజీవులకు అందే నీటి కొలత) 0.85 దాటి ఉంటే, అది యాసిడిఫైడ్ ఫుడ్. అల్లం పచ్చడి కచ్చితంగా ఇందులోకే వస్తుంది: అల్లానికి పులుపు లేదు, చింతపండుతో తెస్తున్నారు. నిమ్మకాయ, మామిడికాయ, గోంగూర పుట్టుకతోనే పుల్లనివి. వాటిలో పులుపు లేని సరుకు కొద్దిగానే ఉండి పీహెచ్ పెద్దగా మారకపోతే మినహాయింపు ఉంది. నిమ్మకాయకు అది తేలిగ్గా దొరకవచ్చు. ఆవకాయకు మాత్రం ముందే ధీమా పడకండి. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె చొప్పున ఆవపిండి, కారం, ఉప్పు వేసే కొలతలో ఆవపిండి, కారం "కొద్దిగా" అనిపించుకోవు. పైగా వెల్లుల్లి. తేల్చాల్సింది ప్రాసెస్ అథారిటీ, అంటే తయారీ పద్ధతి సురక్షితమో కాదో పరీక్షించి చెప్పే నిపుణులు, అదీ కాగితం మీద. యూనివర్సిటీల్లో న్యూయార్క్ జెనీవాలోని కార్నెల్ ఫుడ్ వెంచర్ సెంటర్, మీకు దగ్గరలో స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ వాళ్ల కెర్ సెంటర్ ఈ పని చేస్తాయి. ఒక్కో పచ్చడికీ విడిగా నమూనా, విడిగా ఉత్తరం.

"ఉప్పూ నూనే ఉన్నాయి కదా, ఏడాది నిలవుంటుంది" అనే వాదన అక్కడ చెల్లదు. 10 శాతం ఉప్పునీటి వాటర్ యాక్టివిటీ సుమారు 0.94. అది 0.85కు దిగాలంటే నీటి భాగంలో ఉప్పు దాదాపు 20 శాతం దగ్గరికి రావాలి. అమెరికన్ నాలుకకని ఉప్పు తగ్గిస్తే ఆ కాస్త రక్షణా పోతుంది. నూనె వాటర్ యాక్టివిటీని తగ్గించదు, గాలి తగలకుండా మూస్తుందంతే. ప్రాణాంతక విషం పుట్టించే బొట్యులినం బ్యాక్టీరియా పెరిగేదే గాలి లేనిచోట. కాబట్టి మిమ్మల్ని కాపాడేది పులుపే.

పీహెచ్ కొలవడంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నూనె తేలిన పచ్చడిలో ప్రోబు ముంచితే దానికి నూనె పట్టి అంకె తప్పొస్తుంది. పద్ధతి ఇదీ: నూనె వేరుచేయండి. మిగిలిన ముక్కా గుజ్జూ కలిపి మిక్సీ పట్టండి. మరీ గట్టిగా ఉంటే 100 గ్రాములకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలపవచ్చు. మీటరును 4.0, 7.0 బఫర్లతో సరిచేసుకుని 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలవండి. రెండు నమూనాల మధ్య ప్రోబును కడిగి, నూనె పట్టి ఉంటే ప్రోబు క్లీనర్‌తో తుడవాలి. పీహెచ్ పేపర్లు వద్దు, పసుపూ కారం రంగులో ఏ గీత ఏమిటో కనిపించి చావదు. కలిపిన రోజు అంకెకు విలువ లేదు. పులుపు ముక్క నడుమ దాకా సమంగా పట్టాక వచ్చేదే లెక్క. తురుముకు ఒక రోజు చాలొచ్చు గానీ టెంకతో కొట్టిన ఆవకాయ ముక్కకు చాలదు. ప్రతి బ్యాచ్ రికార్డూ మూడేళ్లు దాచాలి. చట్టం 4.6 అన్నా మీ లక్ష్యం 4.0 లోపు పెట్టుకోండి, మీటరు తప్పూ బ్యాచ్ తేడా అందులో సర్దుకుంటాయి.

ఇక వరుస. ఇల్లు వదిలి లైసెన్సున్న వంటగదికి మారాలి. టెక్సాస్‌లో ఫుడ్ మాన్యుఫాక్చరర్ లైసెన్సు రాష్ట్ర ఆరోగ్య శాఖ డీఎస్‌హెచ్‌ఎస్ ఇస్తుంది. ఎఫ్‌డీఏ ఫెసిలిటీ రిజిస్ట్రేషన్ ఉచితం. సరి సంవత్సరాల్లో అక్టోబర్, డిసెంబర్ మధ్య రెన్యూ చేయాలి. యాసిడిఫైడ్ అని తేలినవాటికి ఫారం 2541తో కేంద్రాన్ని నమోదు చేసి, ఒక్కో పచ్చడి ప్రాసెస్‌ను 2541ఇ మీద ఫైల్ చేయాలి. వీటికి ఎఫ్‌డీఏ ఫీజు తీసుకోదు. తయారీ దగ్గరుండి చూసుకునే మనిషి బెటర్ ప్రాసెస్ కంట్రోల్ స్కూల్ కోర్సు పాసవ్వాలి. వదినగారిని ఈ వారమే అందులో చేర్పించండి, మిగతావన్నీ దాని తర్వాతే కదులుతాయి.

చికెన్ పచ్చడి వదిలేయండి. కాటేజ్ చట్టంలో మాంసం, చేపలు లేనే లేవు. వండిన మాంసం 2 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే సరుకు ఎఫ్‌డీఏ చేతిలోంచి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ చేతిలోకి పోతుంది, ఇన్‌స్పెక్టర్ ఉన్న ప్లాంటులోనే చేయాలి. రొయ్యల పచ్చడికి సీఫుడ్ హాసప్ (తయారీలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి), అది మరో తలనొప్పి.

లేబుల్ మీద ఒక్క మాట. 2023 జనవరి 1 నుంచి నువ్వులు లేబుల్ మీద చెప్పి తీరాల్సిన తొమ్మిదో అలర్జెన్ (అలర్జీ కలిగించే పదార్థం). గానుగ నువ్వుల నూనె పోసిన ప్రతి సీసా మీదా అది కనబడాలి. బాగా రిఫైన్ చేసిన నూనెకున్న మినహాయింపు గానుగ నూనెకు లేదు. వేరుశనగ పొడి ఆడిన మిక్సీలోనే పచ్చడి కారం ఆడితే అది మరో అలర్జెన్ గొడవ. ఈ దేశంలో ఆహారం రీకాళ్లకు, అంటే అమ్మిన సరుకు వెనక్కి పిలిపించడానికి, పెద్ద కారణాల్లో ఒకటి ఇలా లేబుల్‌లో తప్పిపోయిన అలర్జెన్లే.

---

51_శాతం

సర్టిఫికెట్ల గురించి నేను చెప్తాను. ముందు మీ ముగ్గురి కాగితాలు.

హెచ్-1బి మీద మీరు వాటా పెట్టుకోవచ్చు, లాభం తీసుకోవచ్చు. వారాంతంలో వెళ్లి సీసాలు నింపడం, స్టోర్లతో ఆర్డర్లు మాట్లాడటం అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. జీతం తీసుకోకపోయినా అంతే. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నియమం సొంత కంపెనీయే హెచ్-1బి వేసే అవకాశాన్ని స్పష్టం చేసింది గానీ అది వేరే పిటిషన్, పచ్చళ్ల కంపెనీకి సరిపడే సంగతి కాదు. మిమ్మల్ని మదుపుదారుగా మాత్రమే ఉంచమని లాయరుతో ఆపరేటింగ్ అగ్రిమెంట్ రాయించుకోండి.

మీకు పనికొచ్చే ప్రైవేటు సర్టిఫికెట్లు రెండు. మైనారిటీ సరఫరాదారుల జాతీయ మండలి ఎన్‌ఎంఎస్‌డీసీ వాళ్లది ఎంబీఈ, అంటే మైనారిటీ సంస్థ సర్టిఫికెట్. అందులో భారతీయ మూలాలవాళ్లు వస్తారు. 51 శాతం వాటా, పెత్తనం, రోజువారీ నిర్వహణ అమెరికా పౌరుల చేతిలో ఉండాలి. వీబెంక్ వాళ్ల మహిళా సంస్థ సర్టిఫికెట్‌కు 51 శాతం స్త్రీది కావాలి, గ్రీన్ కార్డు సరిపోతుంది. చిక్కు చూశారా? అన్నయ్యకు 51 రాస్తే ఎంబీఈ, వదినకు 51 రాస్తే వీబెంక్. ఒక కంపెనీలో రెండు 51లు ఉండవు.

అన్నయ్య పేరున రాసేద్దాం, పని వదిన చేస్తుంది అనుకుంటే ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు. వాళ్లు అడిగేవి ఇలాంటివి: చెక్కుల మీద ఎవరి సంతకం, వంటకం ఎవరిది, కో-ప్యాకర్‌తో (మన వంటకాన్ని తన ప్లాంటులో చేసిపెట్టే కంపెనీతో) ధర ఎవరు మాట్లాడారు, పెట్టుబడి ఎవరి ఖాతాలోంచి వచ్చింది, అగ్రిమెంట్‌లో తక్కువ వాటా ఉన్నవాళ్లకు వీటో ఉందా. వేరేచోట ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ ఇక్కడ "ప్రెసిడెంట్" అంటే నమ్మరు. సైట్ విజిట్‌కు వస్తారు కూడా.

నిజంగా నడిపేది వదినే కాబట్టి మొదటి రోజు నుంచీ 51 శాతం ఆమెకే రాయండి. ముందు వీబెంక్ తీసుకోండి. సిటిజన్‌ను పెళ్లాడి కలిసి ఉంటున్నవారికి గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్లకే పౌరసత్వానికి అర్హత వస్తుంది. అది వచ్చాక వాటాలు కదపకుండానే ఎంబీఈకి వేయొచ్చు. మధ్యలో వాటాలు అటూ ఇటూ మారిస్తే ప్రతిసారీ అనుమానమే.

చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ నడిపే 8(ఎ) పథకం గురించి ఎవరో ఒకరు తప్పక చెప్తారు. అది ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల కోసం, కిరాణా షెల్ఫ్‌కు దాంతో పని లేదు. పైగా 2023 జులైలో టెనసీ ఫెడరల్ కోర్టు తీర్పు తర్వాత ఫలానా జాతి కాబట్టి వెనుకబాటు అనే ఊహ చెల్లకుండా పోయింది. టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఇచ్చే హబ్ సర్టిఫికెట్‌లో ఆసియావాళ్లకూ చోటుండేది. 2025 చివర్లో దాన్ని సర్వీసులో వైకల్యం వచ్చిన మాజీ సైనికులకే పరిమితం చేశారు. పాత బ్లాగులు చదివి దాని మీద ఆశలు పెట్టుకోకండి. గ్రాంట్లూ అంతే. నల్లజాతి మహిళలకు 20 వేల డాలర్లిచ్చే ఫియర్‌లెస్ ఫండ్ పోటీని 2024లో అప్పీళ్ల కోర్టు ఆపింది, ఆ తర్వాత రాజీలో దాన్ని మూసేశారు. అప్పటినుంచి జాతి పేరు పెట్టి డబ్బిచ్చేవాళ్లు భయపడుతున్నారు.

అయితే సర్టిఫికెట్ దండగా? కాదు గానీ అది చేసేది ఒక్కటే, స్టోరు తరఫున సరుకు ఎంచే బయ్యరు ముందు పావుగంట కూర్చోబెడుతుంది. పెద్ద రిటైలర్లు కొందరు 2024, 2025లలో వైవిధ్య లక్ష్యాలను బాహాటంగానే వెనక్కి తీసుకున్నారు, కాబట్టి ఆ పావుగంట విలువ కూడా తగ్గింది. జాతితో పని లేకుండా తెరిచి ఉన్న దారి వాల్‌మార్ట్ ఓపెన్ కాల్. 2014 నుంచి నడుస్తోంది. అమెరికాలో తయారైన సరుకైతే చాలు, బెంటన్‌విల్‌లో నేరుగా బయ్యరుతో మాట్లాడొచ్చు. కానీ సరేనంటే సరఫరా చేయగలరా? అది కింద ఎవరైనా చెప్తారు.

---

షెల్ఫ్_లెక్క

చెప్తాను. 9.99 సీసా మీద మీ చేతికెంతొస్తుందో చూడండి. లెక్క కోసం మామూలుగా వినిపించే శాతాలు వేస్తున్నాను.

రిటైలర్ మార్జిన్ 40 శాతం పోతే 5.99. డిస్ట్రిబ్యూటర్ 30 శాతం తీసుకుంటే 4.20. బ్రోకరుకు అందులో 5 శాతం, 21 సెంట్లు. ప్రమోషన్లు, విరిగిన సీసాలు, గడువు దాటినవి, బిల్లులో కోతలు కలిపి తక్కువలో తక్కువ 15 శాతం, 63 సెంట్లు. మిగిలింది 3.36. ఇందులో సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, సరుకు, కూలి, రవాణా అన్నీ రావాలి. చిన్న బ్యాచుల్లో సీసాకు 3 డాలర్లు అయితే మీకు మిగిలేది 36 సెంట్లు. కమిషరీ వంటగదిని (లైసెన్సున్న ఉమ్మడి వంటగది) గంటలకు అద్దెకు తీసుకుని చేత్తో నింపితే 3 డాలర్లకు రానే రాదు.

ఫ్రీ ఫిల్ సంగతి ముందే తెలుసుకోండి. కొత్త సరుకు పెట్టుకోవడానికి స్టోరుకు ఒక్కో రకం ఒక కేసు ఊరికే ఇవ్వమంటారు. 200 స్టోర్లు, 3 రకాలు, కేసుకు 6 సీసాలు: 3,600 సీసాలు. సీసా 3 డాలర్ల చొప్పున 10,800 డాలర్లు, ఒక్క పైసా రాబడి లేకుండా. మీ 40 వేలలో పావు వంతు పైనే. పెద్ద చెయిన్ నుంచి ఆర్డరొస్తే ఎగిరి గంతేస్తారు, మునిగేది అక్కడే. డబ్బు 30 రోజులకన్నారంటే కోతలన్నీ పోను 60 రోజులకు చేతికొస్తుంది, సీసాల కంపెనీకి మాత్రం ముందే కట్టాలి.

ఇండియన్ స్టోర్లను చిన్నచూపు చూడకండి. ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ చుట్టూ మీరే వ్యాన్‌లో వేసుకెళ్లి ఇస్తే మార్జిన్ 25, 30 శాతంతో 7 డాలర్లు మీ చేతికే వస్తాయి. అదే సీసా మీద రెట్టింపు. ఆ షెల్ఫ్ మీద ఇండియా నుంచి వచ్చే పచ్చడి సగం ధరకే ఉంటుంది, నిజమే. కాబట్టి ఆవకాయతో పోటీ పడకండి, కంటెయినర్‌లో నెలలు ప్రయాణం చేస్తే రుచి చచ్చేవాటితో పడండి. కరివేపాకు పొడి, నువ్వుల పొడి తాజాదనం ముక్కుకే తెలుస్తుంది.

అసలు నా సలహా పొడులతో మొదలుపెట్టమని. పీహెచ్_మీటర్ గారు చెప్పిన 2541లూ ప్రాసెస్ ఉత్తరాలూ ఏవీ వాటికి అక్కర్లేదు, ఎండు సరుకు. బరువు తక్కువ, పగలవు, కారవు.

ఇంకోటి, కాటేజ్ చట్టాన్ని తొందరపడి వదలొద్దు. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఏడాది అమ్మకాల పరిమితి 50 వేల నుంచి లక్షన్నర డాలర్లకు పెరిగింది. టెక్సాస్ దాటి మాత్రం పంపకూడదు. లక్షన్నర అమ్మి చూపించాక కో-ప్యాకర్ మాట వింటాడు.

---

పీహెచ్_మీటర్

పొడులతో మొదలుపెట్టడం సబబే. ఏమీ అక్కర్లేదనడం మాత్రం ఒప్పుకోను. ఎండు మసాలాల్లో సాల్మొనెల్లా చావదు, నిద్రపోతుంది. వేయించడం దాన్ని చంపుతోందని మీరు చూపించుకోవాలి: ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఎంత పొర మందం. చాలామంది పప్పులు వేయించి, పచ్చి కారం, ఇంగువ, పసుపు చివర్లో చల్లుతారు. ఆ చివర్లో చల్లినదానికి వేడి తగలదు. కారం, పసుపు స్టీమ్ స్టెరిలైజ్ చేసినవి కొనండి, ప్రతి లాట్‌కూ సాల్మొనెల్లా, సీసం పరీక్షల కాగితం అడగండి. పసుపులో సీసం సంగతి ఎఫ్‌డీఏ బాగా గమనిస్తోంది. గుంటూరు నుంచి మిరప మీరే తెప్పిస్తే విదేశీ సరఫరాదారును తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌వీపీ బాధ్యత మీ నెత్తికొస్తుంది. మొదట్లో ఇక్కడి దిగుమతిదారు దగ్గర కొనడమే నయం.

నువ్వులు, పల్లీలున్న పొడి రెండు మూడు నెలల్లో కమురు వాసన కొడుతుంది. మామూలు జిప్ పౌచ్ ఆక్సిజన్‌ను ఆపదు. అల్యూమినియం పొరో, మెటలైజ్డ్ పొరో ఉన్న పౌచ్ తీసుకుని లోపల ఆక్సిజన్ అబ్సార్బర్ వేయండి. వేయించిన పప్పు పూర్తిగా చల్లారాకే ఆడాలి, ఆడాక మళ్లీ చల్లారాకే ప్యాక్ చేయాలి. వెచ్చగా మూస్తే లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది.

---

బౌండరీ_లైన్

ఊట షాట్ ఆలోచన భలేగా ఉంది, అందులోనూ డాలస్‌లో. 2000 సెప్టెంబర్ 3న ఇర్వింగ్‌లోని టెక్సాస్ స్టేడియంలో 109 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఫిలడెల్ఫియా ఈగల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్‌ను 41-14తో ఓడించింది. ఈగల్స్ ఆటగాళ్లు ఆ రోజు తాగింది దోసకాయ ఊరగాయ నీళ్లు. ఇప్పటికీ దాన్ని పికిల్ జ్యూస్ గేమ్ అంటారు. ఆ పేరుతో సీసాలమ్మే కంపెనీలూ వచ్చాయి.

సైన్స్ సంగతి తెలుసుకుని లేబుల్ రాయండి. 2010లో వచ్చిన ఒక ప్రయోగంలో కరెంటుతో కండరం పట్టేలా చేసి పికిల్ జ్యూస్ ఇస్తే, నీళ్లిచ్చినప్పటికన్నా 37 శాతం త్వరగా వదిలింది. మోతాదు శరీర బరువు కిలోకు ఒక మిల్లీలీటరు. అంత త్వరగా ఉప్పు రక్తంలో కలవదు కాబట్టి, గొంతులో ఘాటు తగిలి నరాల ద్వారా పట్టు వదులుతోందని ఆ పరిశోధకులు ఊహించారు. 2016లో హాట్‌షాట్ అనే పానీయం ఈ ఘాటు సూత్రం మీదే వచ్చింది: అల్లం, దాల్చిన చెక్క, మిరప ఘాటు. మన నిమ్మకాయ ఊటలో పులుపు, ఉప్పు, కారం మూడూ ఉన్నాయి. అయినా "కండరాల పట్టు నయం చేస్తుంది" అని రాస్తే మందు కిందికి తోసేస్తారు. "ఆట విరామంలో ఘాటైన గుటక" లాంటి మాటలతో సరిపెట్టుకోండి.

తయారీకొస్తే, పచ్చడి జాడీలోంచి ఊట వంచి నింపే ఆలోచన మానండి. బ్యాచ్ బ్యాచ్‌కూ ఉప్పు మారుతుంది, కారం అడుగున పేరుకుంటుంది, మూత మరలో ఇరుక్కుని కారుతుంది. లీటరుకు ప్రయోగం మొదలుపెట్టడానికి ఒక కొలత: పాశ్చరైజ్ చేసిన నిమ్మరసం 250 మిల్లీలీటర్లు, ఉప్పు 40 గ్రాములు, చక్కెర 30 గ్రాములు, మిగతాది నీళ్లు. కారం పొడి వద్దు, నీటిలో కలిసే మిరప ఎక్స్‌ట్రాక్ట్, అల్లం ఎక్స్‌ట్రాక్ట్ చుక్కల్లెక్కన. 60 మిల్లీలీటర్లలో ఉప్పు 2.4 గ్రాములు, అంటే సోడియం దాదాపు 945 మిల్లీగ్రాములు, రోజు పరిమితి 2,300లో 41 శాతం. బీపీ ఉన్న అంకుల్ టీమ్ వాళ్లు రెండు తాగకూడదు, ఆ హెచ్చరిక సీసా మీద పెద్దగా వేయండి.

నిమ్మరసం మీరే పిండితే జ్యూస్ హాసప్, 21 సీఎఫ్‌ఆర్ 120 నియమం తగులుతుంది. సూక్ష్మజీవులను లక్ష రెట్లు తగ్గించినట్టు రుజువు చూపాలి. పాశ్చరైజ్ చేసిన రసం కొంటే ఆ పని సరఫరాదారుడే చేసి పెడతాడు, కాగితం మీరు ఫైల్లో పెట్టుకుంటారు. నిలవ కోసం సోడియం బెంజోయేట్ వేయొద్దు. నిమ్మలోని విటమిన్ సి, బెంజోయేట్ ఎండలో కలిస్తే క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుట్టే ప్రమాదం ఉంది, మైదానం పక్కన కార్ డిక్కీలో పడుండే సరుకిది. దాని బదులు పొటాషియం సోర్బేట్ చూడండి. వేడిగా నింపుదామంటే మామూలు పెట్ ప్లాస్టిక్ సీసా వంకర పోతుంది, గాజు సీసాను స్టేడియం లోపలికి రానివ్వరు. వేడి తట్టుకునే హీట్-సెట్ పెట్ కావాలి, అది తక్కువ సంఖ్యలో దొరకదు. మీ 40 వేలలో ఈ షాట్‌కు చోటు లేదని నాకనిపిస్తోంది. కనీసం మొదటి ఏడాది వద్దు.

స్టేడియం విషయం. గ్రాండ్ ప్రెయిరీది పాత బేస్‌బాల్ మైదానాన్ని మార్చి కట్టిన చోటు, సుమారు 7,200 సీట్లు, 2023 జులై 13న లీగ్ తొలి మ్యాచ్ అక్కడే. సీజన్ నెల రోజులు, అదీ మండుటెండల్లో. లోపల తిండి హక్కులు మామూలుగా ఒక కన్సెషన్ కంపెనీ చేతిలో ఉంటాయి. మీరు దాని కింద సబ్‌వెండర్, అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా వాళ్లకే పోవచ్చు. మిగిలినదాంట్లో సరుకు, మనుషులు, మీరు మదుపుదారుగానే ఉండాలి కాబట్టి మీ స్థానంలో ఇంకో మనిషి. బీమా సర్టిఫికెట్‌లో ఒక్కో ఘటనకు పది లక్షల డాలర్లు, మొత్తం ఇరవై లక్షలు, స్టేడియాన్ని అదనపు ఇన్‌షూర్డ్‌గా చేర్చి అడుగుతారు. కొద్ది మ్యాచ్‌ల కోసం ఇదంతా కట్టుకుంటే మునగడానికి ఒక్క వాన చాలు.

స్టాల్ పెట్టకుండానే లోపలికి వెళ్లొచ్చు. కన్సెషన్ వంటగదికి సరుకమ్మండి. పెద్ద డబ్బాలో కందిపొడి ఇచ్చి ఫ్రెంచ్ ఫ్రైస్ మీద చల్లించండి. "ఫలానా వారి పొడి" అని మెనూ బోర్డు మీద పేరుండాలని ఒప్పందంలో రాయించండి. మనిషి అక్కర్లేదు, కమీషన్ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. గోంగూర మేయో అంటే మాత్రం 41 డిగ్రీల ఫారన్‌హీట్ కింద ఉంచాలి, ఆ ఎండలో అది మీ వల్ల కాదు. షెఫ్‌ను కలవాల్సింది జూన్‌లో కాదు, అంతకుముందు చలికాలంలో. మెనూ అప్పుడే తేలుతుంది.

లీగ్ లోగో గానీ జట్టు పేరు గానీ మీ ప్యాకెట్ మీద పడకూడదు. "క్రికెట్" అనే మాట ఎవరి సొత్తూ కాదు, "అఫీషియల్" మాత్రం డబ్బు కట్టినవాళ్లదే. వారాంతపు లీగుల మైదానాలు ఇంతకన్నా నయం: ఒక్కో గ్రౌండులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే కుటుంబాలు, సగం మంది మనవాళ్లే. నగరం పార్కుల శాఖ అనుమతి ఒక్కటి చూసుకోండి.

ఆట, తిండి కలిపి పెద్దగా గెలిచినవాళ్ల దారి కూడా ఇదే. జూనియర్ బ్రిడ్జ్‌మన్ మిల్వాకీ బక్స్ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున ఆడిన నల్లజాతి ఆటగాడు. సొమ్ము సంపాదించింది వెండీస్ హోటళ్ల మీద, 2017 నుంచి కోకా-కోలా బాట్లింగ్ మీద. 2024లో తన పాత జట్టులోనే 10 శాతం వాటా కొన్నాడు. ముందు తిండి వ్యాపారం, జట్టు ఆ తర్వాత.

---

పచ్చడి_ప్లానో

అందరికీ చాలా థాంక్సండీ. షాట్ పక్కన పెడతాం, చికెన్ కూడా. పొడులతో మొదలు, వాటా వదినకు 51. రెండు సందేహాలు మిగిలాయి. పచ్చళ్లలో ఒక్కటైనా ఉంచాలని వదిన పట్టు, ఏది? ఆవకాయకు టెంక ఉంచాలా తీసేయాలా? పోషకాల పట్టికలో సోడియం చూసి అమెరికన్లు భయపడరా?

---

షెల్ఫ్_లెక్క

సోడియం: పచ్చడిని "పికిల్" కింద వేస్తే సర్వింగ్ 30 గ్రాములు. 10 శాతం ఉప్పున్న పచ్చడిలో అది 1,180 మిల్లీగ్రాముల సోడియం, రోజు పరిమితిలో 51 శాతం. ఎవరూ కొనరు. "రెలిష్" వర్గానికి 15 గ్రాములు, అంకె సగమవుతుంది. ముక్కలుగా ఉన్న ఆవకాయను రెలిష్ అనడం కష్టం, రుబ్బిన గోంగూర, అల్లం అనొచ్చు. లేబుల్ చేసేవాళ్లతో ముందే తేల్చుకోండి. కంపెనీ చిన్నదైతే ఏటా నోటీసు వేసి పట్టిక నుంచి మినహాయింపు అడగొచ్చు, కానీ "లో ఫ్యాట్" లాంటి ఒక్క మాట లేబుల్ మీద రాసినా అది పోతుంది. ఎలాగూ పెద్ద స్టోర్లు పట్టిక లేకుండా తీసుకోవు.

---

పీహెచ్_మీటర్

ఉంచితే గోంగూర ఉంచండి. పులుపు దానిలోనే ఉంది, రుబ్బినదాంట్లో పీహెచ్ త్వరగా సమమవుతుంది, ఇండియా నుంచి వచ్చే సీసాల్లో రంగు నల్లబడి ఉంటుంది కాబట్టి తేడా కళ్లకే కనబడుతుంది. ఆకు తడి పూర్తిగా ఆరాక మగ్గబెట్టండి. వెల్లుల్లి రెబ్బలు పోపులో అలాగే వేసి పైన నూనెలో తేల్చొద్దు. నూనెలో మునిగి పులుపు పట్టని వెల్లుల్లి బొట్యులినానికి అచ్చమైన చోటు. దంచి గుజ్జులోనే కలపండి, పులుపు లోపలిదాకా పట్టాలి.

మూత విషయంలో జాగ్రత్త. నూనె ఎక్కువున్న పచ్చడికి మూత లోపలి లైనర్ నూనె తట్టుకునే రకమేనా అని అమ్మేవాణ్ని రాతలో అడగండి. నింపేటప్పుడు అంచుకు నూనె అంటితే మూత పట్టదు, పొడిగుడ్డతో కాక ఫుడ్ గ్రేడ్ ఆల్కహాల్ తుడుపుతో తుడవండి. నింపిన సీసాలు కొన్నిటిని బోర్లించి రెండు రోజులు 100 డిగ్రీల ఫారన్‌హీట్ గదిలో ఉంచి చూడండి, కారేవి అక్కడే బయటపడతాయి, లేకపోతే యూపీఎస్ ట్రక్కులో బయటపడతాయి.

టెంక: ఎఫ్‌డీఏ మార్గదర్శకంలో 7 నుంచి 25 మిల్లీమీటర్ల గట్టి, పదునైన ముక్కలు దొరికితే చర్య తీసుకోవచ్చు. సరుకులో సహజంగా ఉండేదీ, తినేవాడికి ముందే తెలిసేదీ అయితే వెసులుబాటు ఉంది. మన వాళ్లకు తెలుసు, అమెరికన్ కొనుగోలుదారుకు తెలియదు. ఇండియన్ స్టోర్లకిచ్చే ఆవకాయకు టెంక ఉంచి, "మామిడి టెంక ముక్కలుంటాయి, నమలవద్దు" అని ముందువైపే వేయండి. సూపర్‌మార్కెట్‌కు వెళ్లేదానికి టెంక తీసేసిన ముక్కలు, వేరే బార్‌కోడ్. బీమా ఏజెంటుకు ఈ రెండిటి సంగతీ పాలసీ తీసుకునే ముందే చెప్పండి.